పాత కారు మోగుతోందని ఫ్యూజు పీకకండి

పాత కార్లు నడిపేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "కారు పాతబడ్డాక సెన్సార్లు పాడవుతాయి, అవి చేసే మోతలన్నీ ఉత్తవే. అన్నీ ఒకే బజర్ నుంచి వస్తాయి కాబట్టి ఫ్యూజు పీకండి, లేదంటే వైరు కోసేయండి. సీట్ బెల్ట్ మోతకైతే బకిల్‌లో ఒక క్లిప్పు గుచ్చితే చాలు, ఎయిర్‌బ్యాగ్‌కి దాంతో సంబంధం లేదు. ఎలాగూ డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైట్లు వెలుగుతాయి కదా." ఆ మోత ఎంత విసిగిస్తుందో నాకు బాగా తెలుసు. అయినా ఈ సలహా పాటించవద్దనే చెబుతాను. ఇందులో ఒక ముక్క ప్రాణం మీదికి తెచ్చేది. ముందు దాని సంగతి చూద్దాం.

క్లిప్పు. బకిల్ లోపల చిన్న స్విచ్ ఉంటుంది. బెల్ట్ పెట్టారా లేదా అని అది చెప్పే కబురు చాలా కార్లలో బజర్‌తో పాటు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌కి కూడా వెళ్తుంది. బండి గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించి లాగే ప్రిటెన్షనర్ పని చేయాలా వద్దా, ఎయిర్‌బ్యాగ్ ఎంత దెబ్బకి తెరుచుకోవాలి అనేవి కొన్ని మోడళ్లలో ఆ కబురు చూసుకునే తేలతాయి. క్లిప్పు గుచ్చితే, ఆ యూనిట్ బెల్ట్ లేని మనిషిని బెల్ట్ పెట్టుకున్న మనిషిగా లెక్కవేస్తుంది. పైగా బెల్ట్ లేనివాడు గట్టి బ్రేకు పడగానే ముందుకు జారి స్టీరింగ్ దగ్గరికి వచ్చేస్తాడు. ఎయిర్‌బ్యాగ్ ఉబ్బడానికి పట్టేది సుమారు 30 మిల్లీసెకన్లు, రెప్పపాటు కన్నా తక్కువ. అంత వేగంగా ఉబ్బే సంచికి ముఖం అంత దగ్గరగా ఉంటే, కాపాడాల్సిందే గాయం చేస్తుంది. పక్క సీటులో బరువైన సంచి పెట్టినందుకు మోగుతోందా? సంచి తీసి కింద పెట్టండి. ఆ సమస్యకి అంతకు మించిన వైద్యం అక్కర్లేదు.

ఇక ఫ్యూజు. పీకితే మోత ఆగుతుంది, నిజమే. కానీ చాలా పాత కార్లలో బజర్‌కంటూ విడిగా ఫ్యూజు ఉండదు. మీటర్ బోర్డు, రివర్స్ లైట్లు, ఒక్కోసారి ఇండికేటర్లు కూడా అదే ఫ్యూజు మీద ఉంటాయి. ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఆ సలహా ఇచ్చేవాళ్లెవరూ చెప్పరు. బ్యాటరీని ఛార్జి చేసే పాత తరహా ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే ముందు దానికి కొద్దిగా కరెంటు అందాలి. చాలా బండ్లలో అది మీటర్ బోర్డులోని బ్యాటరీ గుర్తు లైటు గుండానే వెళ్తుంది. ఫ్యూజు పోతే ఆ దారి మూసుకుపోయి ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. ఛార్జింగ్ లేదని చెప్పాల్సిన లైటూ అదే ఫ్యూజుతో పోయింది కాబట్టి, బ్యాటరీ పూర్తిగా దిగి దారిలో బండి ఆగిపోయేదాకా మీకు తెలియదు.

వైరు కోయడం ఇంకా ఘోరం. సీటు కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి చాలావరకు ఎయిర్‌బ్యాగ్, ప్రిటెన్షనర్ వైర్లు. కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు పెట్టినా అవి పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీసి, లోపల మిగిలిన ఛార్జి దిగిపోవడానికి తయారీదారు చెప్పినన్ని నిమిషాలు ఆగాకే మెకానిక్కులైనా వాటి జోలికి వెళ్తారు.

"లైట్లు ఉన్నాయి కదా" అంటారు. హెడ్‌లైట్లు ఆర్పకుండా దిగితే వచ్చే మోతనే తీసుకోండి. తలుపు తీసి ఒక కాలు బయట పెట్టిన మనిషి డ్యాష్‌బోర్డు చూస్తాడా? 55 వాట్ల బల్బులు రెండు, వెనక చిన్న బల్బులు కలిపి దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ మహా అయితే నాలుగున్నర గంటలు, స్టార్టర్ తిరగలేని స్థితికి అంతకన్నా ముందే వస్తుంది. ఆయిల్ ప్రెషర్ సంగతి ఇంకా తీవ్రం. ప్రెషర్ పడిపోయాక ఇంజన్ బేరింగులు నాశనమవడానికి ఎక్కువసేపు పట్టదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో చిన్న ఎర్ర లైటు కంట పడకపోవచ్చనే, 1980ల ఫోక్స్‌వ్యాగన్ కార్లు కొన్నింటిలో ఇంజన్ 2000 ఆర్‌పీఎం దాటాక ప్రెషర్ చాలకపోతే బజర్ మోగేలా పెట్టారు.

అన్నీ ఒకే బజర్ నుంచి వస్తాయన్నదీ తప్పే. బ్రేకు వేస్తే చక్రం దగ్గర కీచుమనేది చాలాసార్లు ప్యాడ్‌కి ఉన్న చిన్న ఇనుప రేకు. ప్యాడ్ బాగా అరిగాక డిస్కుకు రాసుకుని అరిచేలా కావాలనే పెడతారు. దానికి వైరూ లేదు, ఫ్యూజూ లేదు. కీచుమంటోందని ఆయిల్ గాని గ్రీజు గాని పూశారో, బ్రేకులే పట్టవు. ఇండికేటర్ ఉన్నట్టుండి గబగబా కొట్టుకుంటే ఒక బల్బు పోయిందేమో చూసుకోండి.

పాత సెన్సార్లు తప్పుడు కబురు చెబుతాయన్న మాటలో మాత్రం సగం నిజం ఉంది. అలాంటప్పుడు తప్పు చెబుతున్న స్విచ్‌ని పట్టుకోవాలి. తలుపు వేసి ఉన్నా తెరిచినట్టు మోగుతుంటే, చౌకట్టులో ఉన్న బొడిపె లాంటి స్విచ్‌ని వేలితో నొక్కి చూడండి. నొక్కితే ఆగి, తలుపు వేస్తే ఆగకపోతే, రబ్బరు తొడుగు అరిగిందో తలుపు కిందికి జారిందో అన్నమాట. నొక్కినా ఆగకపోతే స్విచ్ లోపల తుప్పు ఉండవచ్చు. స్విచ్ తలుపు తాళంలోనే ఉన్న బండ్లలో అక్కడి మురికి శుభ్రం చేస్తే తరచూ సరిపోతుంది. పార్కింగ్ సెన్సార్లు ఊరికే మోగుతుంటే ముందు బురద తుడవండి. తగ్గకపోతే హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, తాళంచెవి ఆన్‌లో ఉంచి, గేరు రివర్స్‌లో వేసి ఒక్కో సెన్సార్ దగ్గర చెవి పెట్టండి. బాగున్నది సన్నగా టిక్కుటిక్కుమంటుంది. చప్పుడు లేనిదాన్ని మార్చాలి.

ఏ లోపమూ లేకుండా మోతే మరీ ఎక్కువైతే? ఆ విసుగు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1974 మోడల్ కార్లు బెల్ట్ పెట్టకపోతే స్టార్టే అయ్యేవి కావు. జనం మండిపడ్డారు. అదే ఏడాది అక్కడి పార్లమెంటు ఆ నిబంధనను ఎత్తేసి, తప్పనిసరి బజర్‌ను 8 సెకన్లకు పరిమితం చేసింది. మీ కారులోనూ మార్గం ఉండవచ్చు, ముందు ఓనర్స్ మాన్యువల్ తీయండి. ఉదాహరణకు, ఫోర్డ్ కొన్ని కార్లలో పదేపదే గుర్తుచేసే బెల్ట్ మోతను ఆపే పద్ధతిని మాన్యువల్‌లోనే ముద్రించింది. అదీ లేకపోతే, విడిగా ఉన్న చిన్న బజర్ చేతికి అందితే దాని రంధ్రం మీద ఒక టేపు ముక్క అంటించండి. శబ్దం తగ్గుతుంది, హెచ్చరిక మిగులుతుంది. కిటికీ దించి బండి నడుపుతున్నప్పుడు కూడా వినబడుతోందో లేదో చూసుకోండి, వినబడకపోతే టేపు కాస్త పక్కకి జరపండి.