కోరంగిలో కుళ్ళు: ఒక అత్యవసర అర్జీ

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో ఆకులు కుళ్ళిపోతున్నాయి. పట్టించుకునే నాథుడు లేడు.

1978లో దీన్ని అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నీటిపిల్లికి అభయం ఇచ్చారు, సరే. కుళ్ళుకి కూడా ఇవ్వాలా?

దసరా వెళ్ళిన వారం మా బావగారు హైదరాబాద్ నుంచి వస్తే చెక్కబాట మీద నడిపించాను. పాటు సమయం, నీరు తీసేసి ఉంది. నల్లటి బురద, అందులోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడ వేళ్ళు. బావగారు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "ఏంటోయ్ ఈ కంపు? ఇక్కడ మునిసిపాలిటీ లేదా?" అన్నారు. అప్పటికే ఆయన కారు డిక్కీలో రెండు కేజీల ఎండుచేపలున్నాయి. అది వేరే విషయం. ఎండుచేపది కంపు కాదు, ఘుమఘుమ.

పౌరుడిగా నా బాధ్యత గుర్తొచ్చింది. అక్కడే కూర్చుని జేబు నోట్‌బుక్‌లోంచి ఓ కాయితం చింపి అర్జీ మొదలెట్టాను. ముద్దాయిలెవరో తేలాలి కాబట్టి దర్యాప్తు కూడా నేనే చేశాను.

మొదటి ముద్దాయి ఆకు. రాలేముందే చెట్టు దాని నత్రజనిలో చాలా భాగం వెనక్కి లాగేసుకుంటుంది, రిటైరైనవాడి జేబులు తడిమి పంపినట్టు. నీళ్ళలో పడ్డ మొదటి కొద్ది రోజుల్లోనే చక్కెరలు, లవణాలు, టానిన్లు వదిలేస్తుంది. నిలవ నీరు డికాషన్ రంగుకి తిరుగుతుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తర్వాత బాక్టీరియా, బూజు దాని మీద కాపురం పెడతాయి. పట్టా లేదు, పర్మిషన్ లేదు. పైగా చుట్టూ ఉన్న నీళ్ళలోంచి నత్రజని తెచ్చుకుంటాయి. దాంతో ఆకు రాలిన రోజుకన్నా కుళ్ళుతున్నకొద్దీ పుష్టిగా తయారవుతుంది. చచ్చాక ఒళ్ళు చేసేవాళ్ళని ఇంకెక్కడైనా చూశామా?

రెండో ముద్దాయి పీత. దీన్ని రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకున్నాను. బాట కింద, చెయ్యి చాపితే అందేంత దూరంలో, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. పండిన ఆకు అంచుని డెక్కతో పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ కన్నం దాకా ఈడ్చింది. ఆకు వెడల్పు, కన్నం ఇరుకు. రెండుసార్లు అడ్డం పడింది. మూడోసారి, పెళ్ళివారి బీరువాని గుమ్మంలోంచి తిప్పినట్టు ఆకుని ఏటవాలుగా తిప్పి లోపలికి లాగేసింది. తొడిమ ఒక్కటే కాసేపు బయట ఊగి మాయమైంది. పట్టపగలు, టూరిస్టుల కళ్ళెదుటే.

ఇక కంపు సంగతి. ఆ బురదలో కాస్త లోపలికెళ్తే ఆక్సిజన్ ఉండదు. ఆక్సిజన్ అందకపోతే పెద్దమనుషులు పని మానేస్తారు. అక్కడి బాక్టీరియాకి ఆ మర్యాద లేదు. సముద్రపు నీటిలోని సల్ఫేటుతో పని కానిచ్చేసుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదుల్తుంది. అదే ఆ మురిగిన కోడిగుడ్డు వాసన. అదే ఇనుముతో కలిసి బురదని నల్లగా చేస్తుంది. బావగారి తెల్ల పైజమా మీద మరక ఎక్కడిదో అలా తేలింది. పోనీ పనైనా చకచకా చేస్తుందా? లేదు. కొంత ఆకు తుక్కు పూర్తిగా కుళ్ళకుండా వందల ఏళ్ళు అక్కడే ఉండిపోతుంది. అలా గాలిలోకి పోకుండా బురదలో ఆగిపోయిన కార్బన్‌కి బ్లూ కార్బన్ అని పేరు పెట్టి ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. మన ఆఫీసుల్లో ఫైళ్ళు కూడా అంతే ఓపిగ్గా పడుంటాయి, వాటినెవరూ మెచ్చుకోరు.

తమిళనాడు పక్కన పాక్ జలసంధిలో, ఒడిశా చిలికా సరస్సులో సముద్రపు గడ్డి (నాచు కాదు, పూలు పూసే మొక్కే) చచ్చాక ఇంచుమించు ఇదే వరస. ఆకులు త్వరగా, మట్టిలోని కాండాలు తీరిగ్గా. కనక ఈ కుట్ర అంతర్రాష్ట్రీయం.

నా డిమాండ్లు ఎక్కువేం కాదు. చెట్టుకో వల కట్టి, రాలిన ఆకు బురదని తాకకుండా చూడాలి. బురదకి టైల్స్ వెయ్యాలి. ఆకులకి ఆదర్శంగా బాట పక్కనున్న చిప్స్ కవరుని చూపించాలి. ఎన్ని పోట్లు దాని మీదుగా వచ్చిపోయాయో, ఇంకా కుళ్ళలేదు, కంపు కొట్టలేదు. పీత కూడా దాని జోలికి పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. అదీ పరిశుభ్రత అంటే.

ఇదంతా పడవ నడిపే పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన బీడీ ఆర్పి, "ఆకు కుళ్ళకపోతే రొయ్యపిల్లకి మేతేదండి బాబూ? మీరెడతారేటి?" అన్నాడు. 1970ల్లో ఫ్లోరిడాలో ఓడమ్, హీల్డ్ అనే శాస్త్రవేత్తలు చేపల పొట్టల్లో మడ ఆకు తుక్కు చూసి చెప్పిందీ ఇంచుమించు ఇదే. కానీ పెద్దాయన సాక్ష్యం చెల్లదు. ఆయన ఇల్లు గడిచేదే ఈ కుళ్ళు మీద. ఇక పొద్దున్న బావగారు మూడుసార్లు వడ్డించుకున్న చింతకాయ చీరమేను (చిట్టి చేపలు) కూరకి ఈ కేసుతో ఏ సంబంధమూ లేదని మనవి.

సంతకం పెడుతుండగా గాలికి కాయితం ఎగిరి బురదలో పడింది. నేను వంగేలోగా పీత ఓ మూల పట్టుకుని వెనక్కి నడక మొదలెట్టింది. అదే పీత అని ప్రమాణం చెయ్యలేను. కాయితం కన్నం దగ్గర ఇరుక్కుంది, మడత పడింది, లోపలికెళ్ళిపోయింది.

అర్జీ అందినట్టు రసీదు మాత్రం ఇవ్వలేదు.