‘దా’ అంటే ‘నుంచి’, ‘ఆ’ అంటే ‘కి’ అనే పట్టికను నమ్ముకుంటే

ఇటలీకి చదువుకో ఉద్యోగానికో వెళ్లే తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక పట్టిక తెగ తిరుగుతోంది. తెలుగు, ఇటాలియన్ రెండూ అజంత భాషలే (మాటలు అచ్చుతో ముగిసేవే) కాబట్టి తెలుగు విభక్తిని తీసుకెళ్లి మాటకు ముందు పెడితే ఇటాలియన్ వచ్చేసినట్టేనని దాని వాదన. ‘ది’ యొక్క, ‘ఆ’ కి, ‘దా’ నుంచి, ‘ఇన్’ లో, ‘కోన్’ తో, ‘సు’ మీద, ‘పేర్’ కోసం, ‘త్రా’ మధ్య. దాని కింద ఐదు క్రియలు: ఎస్సెరె ఉండు, అవేరె కలిగి ఉండు, ఫారె చేయు, సపేరె తెలియు, ప్యాచేరె ఇష్టపడు. వీటిలో ‘కోన్’ ఒక్కటే దాదాపు చెప్పినట్టు నడుస్తుంది.

ముందు అజంతం సంగతి. చివర అచ్చు ఉంటే పలకడం తేలికవుతుందేమో గానీ వ్యాకరణం కాదు. పైగా ఆ పట్టికలోని కోన్, ఇన్, పేర్ మూడూ హల్లుతోనే ముగుస్తాయి. మనకు నిజంగా కలిసొచ్చేది ద్విత్వం. ‘పాలా’ అంటే పార, ‘పాల్లా’ అంటే బంతి. గదకూ గద్దకూ తేడా వినిపించే చెవికి ఇదో లెక్క కాదు.

‘దా అంటే నుంచి’. వెంగో దా రోమా, రోమ్ నుంచి వస్తున్నా. ఇక్కడికి సరే. వాదో దాల్ మేదికో అంటే మాత్రం డాక్టర్ నుంచి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా అని. మనిషి దగ్గరికి, మనిషి ఇంటికి వెళ్లినా, అక్కడే ఉన్నా ‘దా’నే. ఇక తాత్సా దా తె అంటే టీ కప్పు, తాత్సా ది తె అంటే కప్పు టీ. హోటల్లో మొదటిది అడిగితే ఖాళీ కప్పు ఇచ్చినా తప్పు పట్టలేం. క్వాల్కోజా దా మాంజారె అంటే తినడానికి ఏదైనా. ఇక్కడ ‘నుంచి’ జాడే లేదు.

అలాగని తెలుగు ఎక్కడా అక్కరకు రాదనీ కాదు. ‘మూడేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నా’ అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు మార్చండి: ఆబితో క్వీ దా త్రే ఆన్ని. ‘నుంచి’కి దా, ఉంటున్నాకు వర్తమానం, రెండూ కుదిరాయి. ఇంగ్లిష్ మీదుగా వెళ్లేవాళ్లే ఇక్కడ ‘పేర్ త్రే ఆన్ని’ అని బోల్తా పడతారు. పేర్ పెట్టి, భూతకాలంలో ‘ఓ అబితాతో ఆ మిలానో పేర్ త్రే ఆన్ని’ అంటే మూడేళ్లు మిలాన్‌లో ఉన్నా, ఇప్పుడు లేను అని. ‘నాది గుంటూరు’ కూడా అంతే, సోనో ది గుంటూర్. పట్టిక చూసి ‘సోనో దా గుంటూర్’ అంటే తప్పు.

‘ఆ అంటే కి, ఇన్ అంటే లో’. తెలుగులో రోమ్‌కి వెళ్తాం, రోమ్‌లో ఉంటాం. ఇటాలియన్‌లో వాదో ఆ రోమా, సోనో ఆ రోమా. వెళ్లడమా ఉండడమా అన్నది దానికి పట్టదు, ఆ చోటు ఎలాంటిదో చూస్తుంది: ఊరికి ‘ఆ’, దేశానికి ‘ఇన్’. ఇంటికీ బడికీ ‘ఆ’, ఆఫీసుకూ బ్యాంకుకూ ‘ఇన్’. రైల్లో వెళ్తే ఇన్ త్రేనో, నడిచి వెళ్తే ఆ ప్యేది. వీటికి సూత్రం వెతక్కుండా జంటలుగా నోటికి తెచ్చుకోవడమే మేలు.

పట్టిక అసలు ఊసెత్తనిది ఆర్టికల్, అంటే ఇంగ్లిష్ ‘ద’ (the) లాంటి మాట. ది, ఆ, దా, ఇన్, సు ఈ ఐదూ ఏడు రకాల ఆర్టికల్స్‌తో కలిసి కొత్త రూపాలవుతాయి, మొత్తం 35 గళ్లు. బల్ల మీద అంటే సుల్ తావోలో, సంచిలో అంటే నెల్లా బోర్సా. ఆర్టికల్ లేని భాష నుంచి వచ్చిన మనకు అసలు చెమట ఇక్కడే పడుతుంది.

‘త్రా’ మధ్యే, నిజమే. కానీ ‘రైలు రెండు గంటల్లో వస్తుంది’ అన్నప్పుడు ఆ ‘లో’కి త్రా దూయె ఓరె అనాలి. ‘రెండు గంటల్లో పూర్తి చేశా’ అన్నప్పుడు ఇన్ దూయె ఓరె. మొదటిది ఇప్పటి నుంచి ఎంతసేపటికి, రెండోది పనికి ఎంతసేపు పట్టింది. తెలుగు ‘లో’ రెంటినీ మోస్తుంది కాబట్టి తేడా మనకు తట్టదు.

విభక్తిని ఎంచేది క్రియ. మార్కోను అడుగుతా, కానీ కియేదో ఆ మార్కో. మార్కోకి సాయం చేస్తా, కానీ ఆయూతో మార్కో, మధ్యలో ఏమీ రాదు. సరిగ్గా తిరగబడ్డాయి. బస్సు కోసం ఆగడం అస్పెత్తో లాఉతోబుస్, తాళాల కోసం వెతకడం చేర్కో లె క్యావి. రెంటిలోనూ ‘పేర్’ పెట్టకూడదు. స్తో పేర్ ఉషీరె అంటే బయటికి వెళ్లబోతున్నా అని. పేర్ ఉంది, కోసం లేదు.

‘అవేరె కలిగి ఉండు, ఎస్సెరె ఉండు’. ‘వేడిగా ఉంది’నే తీసుకోండి. టీ వేడిగా ఉంటే ఇల్ తె ఎ కాల్దో, బయట వేడిగా ఉంటే ఫా కాల్దో, నాకు ఉక్కగా ఉంటే ఓ కాల్దో. ఎస్సెరె, ఫారె, అవేరె మూడూ దిగాయి. మూడో చోట ‘సోనో కాల్దో’ అంటే ఎదుటివాళ్లు ముసిముసిగా నవ్వే అర్థం వస్తుంది. ఆకలి, దాహం, నిద్ర, భయం, వయసు అన్నీ అవేరెతోనే: ఓ ఫామె అంటే నాకు ఆకలిగా ఉంది, ఓ వెంతాన్ని అంటే నాకు ఇరవై ఏళ్లు.

‘ఫారె చేయు’. ఫొటో తీయడం, టికెట్ కొనడం, పెట్రోల్ పోయించుకోవడం, ప్రశ్న అడగడం అన్నిటికీ ఫారె. నిర్ణయం మాత్రం మనలాగే తీసుకుంటారు, ప్రెందెరె.

‘సపేరె తెలియు’. ఆయన తెలుసు అంటే కొనోస్కో, ఆయన ఎక్కడున్నాడో తెలుసు అంటే సో. ‘నాకు ఈత వచ్చు’ సో నువోతారె, ‘ఇక్కడ ఈదవచ్చు’ క్వీ సీ పువో నువోతారె. మన ‘వచ్చు’ అక్కడ రెండుగా చీలుతుంది.

చివరిది ‘ప్యాచేరె ఇష్టపడు’. యో ప్యాచ్చో అంటే నేను ఇష్టపడతాను అని కాదు, నేను ఎవరికో నచ్చుతాను అని. పట్టికలో ‘నచ్చు’ అని రాసి ఉంటే గొడవే లేదు. నాకు కాఫీ నచ్చుతుంది, మీ ప్యాచె ఇల్ కాఫ్ఫె. నాకు పుస్తకాలు నచ్చుతాయి, మీ ప్యాచ్చొనో ఇ లీబ్రి. రెండు భాషల్లోనూ క్రియ మారేది నచ్చినదాన్ని బట్టే.