బీరువాకి తాళం ఎందుకండీ?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం పెట్టారంటే పాపను రోజూ పొద్దున్నే తీసుకెళ్తున్నా. కథలు చదివి వినిపిస్తారు, బొమ్మలు వేయిస్తారు, అంతవరకు బాగానే ఉంది. కానీ పిల్లల పుస్తకాల బీరువాకి తాళం! అడిగితే "చింపేస్తారమ్మా" అన్నారు. చిరిగితే అతికించుకోవచ్చు కదా! ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, ఆ పుస్తకాలు ఈ పిల్లలవే. పదో తరగతి రాసిన మా అబ్బాయికైతే అక్కడ పోటీ పరీక్షల గైడ్లే దిక్కు. ఇంటికి ఇవ్వమంటే డిపాజిట్ రసీదు పుస్తకం అయిపోయిందట. నిన్న పాప బీరువా అద్దం మీద వేలు పెట్టి, లోపలున్న పుస్తకం పేరు కూడబలుక్కుని చదివింది. కడుపు తరుక్కుపోయింది నాకు.