ఆదివారం పాలు, జూన్‌లో పన్ను

మ్యూనిక్‌కి వచ్చి రెండేళ్లయినా ఈ ఆదివారాలు నాకు అలవాటు కాలేదు. డల్లాస్‌లో అర్ధరాత్రి పాలు అయిపోయినా కారు తీస్తే దొరికేవి, ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిది దాటితే సూపర్‌మార్కెట్లు బంద్, మళ్లీ సోమవారమే. మొన్న ఇంటికొచ్చినవాళ్లకి పాలు లేని టీ ఇచ్చాను, పరువు పోయింది. పోనీ ఖాళీ సీసాలైనా పడేసొద్దామంటే చప్పుడవుతుందట, ఆదివారం వేయకూడదు!

సరే, ఇవన్నీ భరిస్తాం. అసలు టెన్షన్ పన్ను. జీతం ఇక్కడ, పన్ను ఇక్కడ, అయినా అమెరికా పౌరులం కాబట్టి ఎక్కడున్నా ఏటా అక్కడ కూడా రిటర్న్ వేయాల్సిందే. బయట ఉన్నవాళ్లకి జూన్ 15 దాకా గడువట, మహా ఉపకారం. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఇంకో ఫారం. మేం కట్టేది చివరికి సున్నా, ఆ సున్నా రాయించుకోవడానికి అకౌంటెంట్‌కి ఫీజు! పైగా అమెరికన్ల ఖాతాల వివరాలు బయటి దేశాల బ్యాంకులు అమెరికా పన్ను శాఖకి చెప్పాలనే 2010 నాటి ఫాట్కా చట్టం పుణ్యమా అని, షేర్ల ఖాతా తెరుద్దామని వెళ్తే మా నీలం పాస్‌పోర్టు చూడగానే బ్యాంకావిడ మొహం మాడిపోయింది. "అమెరికన్లా? సారీ" అంది. దానికోసం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్లాం.