ప్రీపోన్ అన్నందుకు నవ్వాలా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం బాగా ఆలస్యమైంది. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన మైకు దగ్గరికి వెళ్లి, "చంటిపిల్లలు నిద్రకి తూగుతున్నారమ్మా, వాళ్ల డాన్సు కాస్త ప్రీపోన్ చేయండి" అన్నారు, అంటే అనుకున్న టైమ్ కంటే ముందే పెట్టమని. యాంకరింగ్ చేస్తున్న అమ్మాయి మైకులోనే, "అలాంటి వర్డే లేదు తాతగారూ" అంది. హాలంతా నవ్వింది. ఆయన తలదించుకుని వెళ్లి కూర్చున్నారు.

ఆ పిల్లని నేను తప్పుపట్టను. ఇక్కడే పుట్టి పెరిగింది, ఆ మాట ఎప్పుడూ విని ఉండదు. నాకు కష్టంగా తోచింది మనం నవ్వడం. కాలేజీలో పరీక్షలు ప్రీపోన్ అయ్యాయంటే గుండెలు పట్టుకున్నవాళ్లమే కదా అందరం!

మా నాయనమ్మకి సీరియస్‌గా ఉందని కబురొచ్చినప్పుడు నాన్న నన్ను వెంటబెట్టుకుని విజయవాడ స్టేషన్‌కి పరిగెత్తారు. చేతిలో ఉన్నవి వారం తర్వాతి టికెట్లు. కౌంటర్లో ఆయన వాటిని చూసి, "ప్రీపోన్‌మెంట్‌కి రాసివ్వండి మాస్టారూ, రేపటికి బెర్తులున్నాయి" అన్నాడు. నాన్న ముఖంలో టెన్షన్ తగ్గడం నాకింకా గుర్తు. వెళ్లేసరికి నాయనమ్మ మాట్లాడుతోంది, మమ్మల్ని గుర్తుపట్టింది. ఆ మాట మీద నాకు అభిమానం ఉందంటే ఉండదా మరి!

పైగా అది లేని మాట కాదు. పోస్ట్‌పోన్‌కి జోడీగా ఇలాంటి మాట ఒకటి కావాలని 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కి ఒక పాఠకుడు లేఖ రాశాడు. ఇక్కడ అది నిలవలేదు, మన దేశంలో నిలిచింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీల్లోనూ ఉంది.

నిజమే, ఆఫీసు మెయిల్లో నేనూ దాన్ని రాయను. అవతలివాళ్లకి అర్థం కావాలి కదా. అయితే బుధవారం మీటింగ్ రెండు రోజులు 'మూవ్ ఫార్వర్డ్' అయిందంటే ఏ రోజని పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లనే అడిగితే, కొందరు సోమవారం అన్నారు, కొందరు శుక్రవారం అన్నారు. ప్రీపోన్‌లో ఆ తికమకే లేదు.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. వేసవి పిక్నిక్ నాటికి చాలామంది అమ్మానాన్నలు ఊళ్ల నుంచి వస్తారు. ఈలోగా మన యూత్ వలంటీర్లని కూర్చోబెట్టి చెప్పండి: పెద్దవాళ్ల మాట కొత్తగా అనిపిస్తే మైకులో దిద్దొద్దు, పక్కకి వచ్చి "అంటే ఏంటి తాతగారూ?" అని అడగండి. వాళ్లు ఎంతో ఇష్టంగా చెబుతారు.