ఎగతాళికి శిక్ష జాలి ప్రదర్శనా?

దివ్యాంగుల మీద జోకులేసి డబ్బు చేసుకున్నవాళ్లే ఇకపై దివ్యాంగులను చూపించి చందాలు పోగెయ్యాలట! సమయ్ రైనా, అతని తోటి కమెడియన్లకు సుప్రీంకోర్టు 2025 నవంబరు 27న ఇచ్చిన ఆదేశాల సారం ఇదే. నెలకు కనీసం రెండు కార్యక్రమాలు పెట్టాలి, దివ్యాంగుల విజయగాథలు జనానికి చెప్పాలి, ఎస్‌ఎంఏ (కండరాలను క్షీణింపజేసే అరుదైన జన్యువ్యాధి) వంటి జబ్బులతో బాధపడేవారి చికిత్సకు నిధులు సమకూర్చాలి. వాళ్లు దివ్యాంగుల మీద, ఎస్‌ఎంఏ రోగుల మీద వేసిన వెకిలి జోకులపై ఆ రోగుల తరఫున పనిచేసే క్యూర్ ఎస్‌ఎంఏ ఫౌండేషన్ పిటిషన్ వేసింది, ఆగస్టులో కోర్టు వాళ్లను క్షమాపణ చెప్పమంది. ధర్మాసనం ఉద్దేశం మంచిదే కావచ్చు, ఖరీదైన మందుల కోసం అల్లాడుతున్న కుటుంబాలకు నాలుగు రూపాయలు అందితే కాదనేవారూ ఉండరు. కానీ ఈ ఏర్పాటులో దివ్యాంగుడి స్థానం ఏమిటి? నిన్న జోకుకు సరుకు, రేపు కన్నీటి కథకు సరుకు. మైకు మాత్రం పాతవాళ్ల చేతిలోనే.

ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది కూడా ఇదే సుప్రీంకోర్టు. దివ్యాంగులను కించపరిచిందంటూ ఓ హిందీ సినిమాపై దివ్యాంగుల హక్కుల కార్యకర్త నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో, 2024 జులై 8న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం చాలా స్పష్టంగా మాట్లాడింది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్న మనిషిని కించపరిచే హాస్యం వేరు అంది. అపోహలతో గేలి చెయ్యొద్దు, అలాగని అసాధ్యాలు సాధించే అతీతులుగానూ చూపొద్దు అంది. వారి గురించి తీసేటప్పుడు వారినే సంప్రదించమంది. ఏడాదిన్నర తిరక్కుండానే విజయగాథలు చెప్పించండనడం ఏమిటి? ఏ విజయమూ సాధించని దివ్యాంగుడికి గౌరవం అక్కర్లేదా? సదరం సర్టిఫికెట్ కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగే మనిషి ఏ కార్యక్రమానికి పనికొస్తాడు?

కమెడియన్లను తిట్టి చేతులు దులుపుకోవడానికి తెలుగు తెరకు మాత్రం ఏం అర్హత ఉంది? నత్తి, చెవుడు, పొట్టితనం మన కామెడీ ట్రాకులకు దశాబ్దాలుగా ముడిసరుకు. టీవీ స్కిట్లకు ఇప్పటికీ అదే తిండి. నవ్వించడం అయ్యాక ఏడిపించడం. పాటల పోటీకి చూపులేని గాయకుడొస్తే, అతని శ్రుతి, తాళం ఎలా ఉన్నాయో మాట్లాడేకంటే ముందు వెనకాల వయొలిన్ మొదలవుతుంది, కెమెరా తల్లి మొహం మీదికి వెళ్తుంది. జడ్జీలు కళ్లు తుడుచుకుంటారు. బ్రేక్. డాక్యుమెంటరీ అయితే గంభీరమైన గొంతు ఒకటి ఆ మనిషి బదులు ఆ మనిషి కథ చెబుతుంది. వీటన్నిటిలో కళాకారుడు అతిథి, ఉదాహరణ, ప్రేరణ. పారితోషికం అడిగే హక్కున్న ఆర్టిస్టు మాత్రం కాదు.

ఇక పాత్రల మాటకొస్తే, ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధా చంద్రన్ తన జీవితకథలో తానే నటించిన 'మయూరి' 1985 నాటి తెలుగు సినిమా. జాతీయ పురస్కారాల్లో ఆమెకు జ్యూరీ ప్రత్యేక అవార్డు దక్కింది. అప్పట్లోనే దారి వేసిన పరిశ్రమ ఆ దారిలో ఎంత దూరం వెళ్లింది? ఆ తర్వాత అంధుడైనా, బధిరుడైనా పాత్ర చేసేది దాదాపుగా అన్ని అవయవాలూ సవ్యంగా ఉన్న హీరోనే, చప్పట్లూ ఆయనకే. హిందీవాళ్లూ తక్కువ తినలేదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన అంధ పారిశ్రామికవేత్త బొల్లా శ్రీకాంత్ జీవితం మీద 2024లో సినిమా తీసి, రాజ్‌కుమార్ రావ్‌తో చేయించారు. సుధా చంద్రన్ కథకు దేశమంతా చప్పట్లు కొట్టిందా? విమానాశ్రయంలో ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పి చూపించాల్సి వస్తోందని 2021లో ఆమె వీడియో పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు గానీ విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పలేదు.

దివ్యాంగులను అవమానిస్తే శిక్షించడానికి ఎస్సీ, ఎస్టీ చట్టం తరహాలో కఠిన చట్టం ఆలోచించమని కోర్టు కేంద్రానికి సూచించింది. మంచిదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 92 ఉంది కదా, పదిమందిలో అవమానిస్తే ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు కదా, దాని సంగతేమిటి? ఎస్‌ఎంఏ ఇంజెక్షన్ ఒకటి రూ.16 కోట్లు పలుకుతుంటే, అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద సాయం రూ.50 లక్షల దగ్గర ఆగిపోయింది. ఆ తేడా పూడ్చాల్సింది ప్రభుత్వమా, స్టాండప్ షోల గల్లాపెట్టెలా?

ఈ పద్ధతి స్థిరపడితే రేపు ప్రతి చానలూ, ప్రతి యూట్యూబరూ ఇదే బాట పడతారు. నోటికొచ్చింది వాగడం, కోర్టు కన్నెర్ర చేస్తే ఓ దివ్యాంగుణ్ని సోఫాలో కూర్చోబెట్టి విజయగాథ చెప్పించడం, మచ్చ మాపుకోవడం. పాపం వాళ్లది, ప్రాయశ్చిత్తానికి శరీరం మాత్రం ఇంకొకరిది! కోర్టు ఇప్పటికైనా ఆ కార్యక్రమాల లెక్కలు అడగాలి: స్క్రిప్టు ఎవరు రాశారు, వేదిక మీద ఎవరు మాట్లాడారు, దివ్యాంగ కళాకారుడికి ఎంత చెల్లించారు? ఇక మన చానళ్ల పెద్దలారా, కళ్లు తుడుచుకునే ఖర్చీఫులు పక్కన పెట్టి ముందు మీ స్టూడియో మెట్ల పక్కన ర్యాంపు కట్టించండి. వచ్చిన గాయకుడికి చెక్కు రాసివ్వండి.