పన్నెండు ఔన్సుల తుపాకీలో .357 కొనుక్కోమని చెప్పిన అన్నయ్యలకి

పొద్దున్న గ్రూపులో ఒక అమ్మాయి అడిగింది. టెక్సస్‌లో ఉంటుంది, సిటిజన్‌షిప్ వచ్చింది, ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు. ఇంతవరకూ తుపాకీ ముట్టుకోలేదట. దగ్గర పెట్టుకోవడానికి చిన్నది ఒకటి కొంటే ఏ క్యాలిబర్ (తూటా సైజు) మంచిది, బ్యారెల్ ఎంత ఉండాలి అని అడిగింది. అన్నిటికన్నా ఎక్కువ లైకులు పడ్డ జవాబు ఇదీ: "చెల్లెమ్మా, .357 మాగ్నం తీసుకో. రెండంగుళాల రివాల్వర్, పన్నెండు ఔన్సులే, హ్యాండ్‌బ్యాగులో పడేస్తే బరువే తెలీదు. ఒక్క దెబ్బ చాలు."

ఆ "ఒక్క దెబ్బ చాలు" చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది.

పన్నెండు ఔన్సులంటే 340 గ్రాములు. అర లీటరు నీళ్ళ సీసా దీనికన్నా బరువు. అంత తేలిక వస్తువులోంచి పూర్తి బలం మాగ్నం తూటా పేలిస్తే ఏమవుతుందో తెలిసి చెప్పారా, తెలీక చెప్పారా? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో రివాల్వర్ వీపు వచ్చి గుద్దుకుంటుంది. మొదటి గుండు ఎలాగో పేలుస్తారు. రెండోదానికి చెయ్యి ముందే బిగుసుకుపోతుంది. మూడోదానికి ట్రిగ్గర్ పూర్తిగా నొక్కకముందే కళ్ళు మూసుకుపోతాయి, మణికట్టు తుపాకీ మూతిని కిందికి తోసేస్తుంది. టార్గెట్ కాగితం తెచ్చి చూస్తే కుడిచేతివాళ్ళకి రంధ్రాలన్నీ అడుగున, ఎడమ పక్కకి పోగుపడి ఉంటాయి. షూటింగ్ రేంజిలో నిలబడి నేర్పేవాళ్ళెవర్ని అడిగినా ఇదే చెప్తారు. ఒకసారి పట్టుకున్న ఆ భయం వదలడానికి నెలలు పడుతుంది. చాలామంది ఆ ఐదు గుళ్ళ తర్వాత మళ్ళీ రేంజి మొహం చూడరు. తుపాకీ మాత్రం బ్యాగులోనే ఉంటుంది.

పోనీ ఇంత బాధా పడితే దక్కేదేమిటి? .357 మాగ్నం 1935లో పుట్టినప్పుడు దాని బ్యారెల్ ఎనిమిదీ ముప్పావు అంగుళాలు. తూటాలో నిదానంగా కాలే తుపాకీ మందు చాలా ఎక్కువ పోస్తారు కాబట్టి అది కాలడానికి పొడవు కావాలి. నాలుగంగుళాల బ్యారెల్‌లో 125 గ్రెయిన్ల (సుమారు ఎనిమిది గ్రాముల) బుల్లెట్ సెకనుకు సుమారు 1,450 అడుగులు పోతుంది. రెండంగుళాలకి కోసేస్తే అందులో రెండు మూడు వందల అడుగులు పోతాయి. కాలని మందు మూతి బయట కాలుతుంది. చీకటి గదిలో కళ్ళ ముందు అగ్గి బంతి లేస్తుంది, నాలుగు గోడల మధ్య ఆ మోతకి చెవులు దిబ్బడ వేస్తాయి. తూటాల పెట్టె మీద ఉన్న వేగం అంకె పొడవాటి బ్యారెల్‌ది. దాన్ని చూపించి పొట్టి రివాల్వర్ కొనిపించడం అన్యాయం.

పొట్టి బ్యారెల్ కోసమనే స్పీర్ కంపెనీ గోల్డ్ డాట్ తూటాలు చేస్తుంది. .357లోనూ, దానికన్నా బలం తక్కువున్న .38 స్పెషల్‌లోనూ 135 గ్రెయిన్ల బుల్లెటే. .357లో కంపెనీ ఇచ్చే వేగం 990 అడుగులు, .38 స్పెషల్ ప్లస్-పిలో (మామూలు .38 కన్నా ఒత్తిడి కాస్త ఎక్కువున్న రకం) 860. తేడా 130 అడుగులు. ఈ 130 అడుగుల కోసం ఆ అమ్మాయి చెయ్యి విరగ్గొట్టుకోవాలా అన్నయ్యా? రివాల్వరే కావాలంటే .38 స్పెషల్ చెప్పండి, పదిహేను ఔన్సులకి తగ్గనిది చెప్పండి. పైగా మరీ తేలిక రివాల్వర్లో ఇంకో చిక్కుంది. ఒక గుండు పేలినప్పుడు వచ్చే కుదుపుకి మిగిలిన తూటాల్లో బుల్లెట్లు తొడుగులోంచి ముందుకి జారతాయి. ఒకటి తూటాలు పెట్టే సిలిండర్ దాటి బయటికొచ్చి ఫ్రేముకి తగిలిందంటే సిలిండర్ తిరగదు. అక్కడికక్కడ విడిపించే పని కాదది.

బ్యారెల్ కొలత సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. పిస్టల్‌లో తూటా కూర్చునే గదితో కలిపి కొలుస్తారు. రివాల్వర్‌లో సిలిండర్ వదిలేసి కొలుస్తారు. అందుకని మూడంగుళాల పిస్టల్నీ రెండంగుళాల రివాల్వర్నీ పక్కపక్కన పెట్టి "ఇది ఒక అంగుళం ఎక్కువ" అనడం తప్పు. బుల్లెట్ పరుగెత్తే దూరం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే.

నన్నడిగితే ఆ అమ్మాయికి 9 ఎంఎం, బ్యారెల్ మూడున్నర నుంచి నాలుగంగుళాలు. 9 ఎంఎం తూటా గదిలో ఒత్తిడి గరిష్ఠంగా 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357కీ అంతే. కాకపోతే 9 ఎంఎంలో మందు తక్కువ, త్వరగా కాలుతుంది, అందుకే పొట్టి బ్యారెల్ దీన్ని అంతగా దెబ్బతీయదు. గ్లాక్ 19కి నాలుగంగుళాలు, సిగ్ పి365కి 3.1. ఆ అంగుళానికి వేగంలో పోయేది సెకనుకు యాభై అడుగులు, అటూ ఇటూగా. ఎఫ్‌బీఐ కూడా .40 క్యాలిబర్ వైపు వెళ్ళి మళ్ళీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది.

మరి ఇంకా పొట్టిది ఎందుకొద్దంటే, పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడ్ చిన్నదయ్యేకొద్దీ స్ప్రింగ్ బిగుతు పెరుగుతుంది. కొత్తవాళ్ళు వెనక్కి లాగలేరు. మణికట్టు కాస్త వదులుగా పట్టినా ఖాళీ తొడుగు బయటికి పూర్తిగా పోక స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటుంది. ఆడవాళ్ళు కౌంటర్ దగ్గరికి రాగానే అన్నిటికన్నా చిన్నది తీసి పెట్టే అలవాటు షాపులవాళ్ళకి ఎప్పుడు పోతుందో! చిన్న చేతికి చిన్న తుపాకీ అనేది శుద్ధ తప్పు. చేతిలో బలం తక్కువైతే స్లైడ్ సులువుగా కదిలే షీల్డ్ ఈజెడ్ లాంటి పిస్టళ్ళు ఉన్నాయి, .380లో (9 ఎంఎం కన్నా బలం తక్కువున్న తూటా) దాని బ్యారెల్ 3.675 అంగుళాలు. .380 తన్నుడు తక్కువే. కానీ రెండున్నర, రెండుముప్పావు అంగుళాల బుల్లి పిస్టళ్ళలో హాలో పాయింట్ (తగలగానే విచ్చుకునేలా మొన గుంటగా చేసిన బుల్లెట్) విచ్చుకుంటే లోతుకి వెళ్ళదు, గుడ్డ దూరి పూడుకుపోతే విచ్చుకోదు.

ఇక అదే పోస్టు కింద ఇంకో పెద్దమనిషి. "వీసా మీద ఉన్నవాళ్ళు సిటిజన్ ఫ్రెండ్‌తో కొనిపించుకోండి, అందరూ చేసేదే." ఇది ఇవాళ్టి మాట కాదు, ప్రతి తెలుగు గ్రూపులో ఏళ్ళ తరబడి వింటున్న మాట. బాబాయ్, తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారం మీద అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు. ఇంకొకరి కోసం కొంటూ అవునని టిక్కు పెడితే అది నేరం. 2022 చట్టం వచ్చాక పదిహేనేళ్ళ దాకా జైలు. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకి చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే తుపాకీ కాదు కదా, తూటా దగ్గరుంచుకున్నా తప్పే. రేంజిలో అద్దెకి తీసుకుని పేల్చినా అంతే. ఎన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న వీసా, వెనక ఊళ్ళో అమ్మానాన్నల అప్పు, ఇవన్నీ ఒక్క కామెంటుతో గంగలో కలపమంటారా?

హ్యాండ్‌బ్యాగులో పడేయమన్నవాళ్ళకీ ఒక మాట. 2014 డిసెంబరులో ఐడహోలో ఒక సూపర్‌మార్కెట్లో తల్లి బ్యాగులోంచి రెండేళ్ళ పిల్లాడు పిస్టల్ తీశాడు. పేలింది. తల్లి అక్కడే పోయింది. ఇంట్లో చిన్నపిల్లాడున్నాడని అమ్మాయి రాసిందిగా, చదవలేదా? ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (తుపాకీ ఒర), అది ఒంటి మీద. ఒంటి మీద లేనప్పుడు తాళం పెట్టె. లిప్‌స్టిక్కు, తాళంచెవుల మధ్య కాదు.

అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే ఇవాళ ఏమీ కొనకు. అద్దెకిచ్చే రేంజికి వెళ్ళి ఒక ఇన్‌స్ట్రక్టర్ని తీసుకో. మూడున్నర అంగుళాల 9 ఎంఎం ఒకటి, నాలుగంగుళాలది ఒకటి, ఈజెడ్ ఒకటి అడుగు. ఏడు గజాల్లో కాగితం పళ్ళెం అంటించి, ఒక్కోదానితో యాభై గుళ్ళు పేల్చు. చివరి ఐదూ పళ్ళెంలో పడ్డ తుపాకీ కొనుక్కో. కొన్నాక దగ్గర పెట్టుకునే హాలో పాయింట్లు కనీసం రెండు మ్యాగజైన్లు పేల్చి చూడు, ఒక్కటి ఇరుక్కున్నా ఆ తూటా మార్చు. కౌంటర్లో వాళ్ళు ముందుగా పన్నెండు ఔన్సుల .357 తీసి చేతిలో పెడితే, దాన్ని అక్కడే పెట్టేసి పక్క షాపుకి వెళ్ళు.